వరికి 12, జొన్నకు 10, కొర్రకు 9: క్రోమోజోమ్‌ల సంఖ్య వెనక లెక్క

ఛత్తీస్‌గఢ్‌లో భాద్రపద బహుళ షష్ఠికి కమర్‌ఛఠ్ అనే వ్రతం చేస్తారు. పిల్లల క్షేమం కోరి తల్లులు ఉపవాసం ఉంటారు. నాగలితో దున్నిన నేలలో పండిన గింజ ఆ రోజు ముట్టరు. బిలాస్‌పూర్ పక్కనున్న మస్తూరీ వంటి ఊళ్ళ సంతల్లో ఆ వారం 'పసహర్' బియ్యం కనిపిస్తుంది. చెరువు గట్ల కింద, రోడ్డు పక్క గుంటల్లో ఎవరూ విత్తకుండా మొలిచే అడవి వరి ఇది. గింజ పండగానే నీళ్ళలో రాలిపోతుంది కాబట్టి రాలకముందే ఏరి దాచుకోవాలి. అందుకే పండుగ రోజుల్లో మామూలు బియ్యం కంటే ఎన్నో రెట్లు ధర పలుకుతుంది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఈ బియ్యం కొత్త కాదు. పేరు మాత్రం వేరు. తెలుగులో వీటిని నివ్వరి వడ్లు అంటారు, సంస్కృతంలో నీవారం. నారాయణ సూక్తంలో అతి సన్నని దానికి పోలికగా వచ్చేది ఈ గింజ కొసనున్న ముల్లే.

ఈ అడవి వరికి ఒరైజా నివారా అన్న శాస్త్రీయ నామం 1965లో వచ్చింది. పెట్టినవారు ఎస్.డి. శర్మ, ఎస్.వి.ఎస్. శాస్త్రి. శాస్త్రి తెలుగువారు. హైదరాబాద్ రాజేంద్రనగర్ కేంద్రంగా మొదలైన అఖిల భారత వరి పరిశోధన సమన్వయ పథకానికి తొలి సారథి. అంతకుముందు ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో వరి క్రోమోజోమ్‌ల మీద పనిచేశారు. వరి క్రోమోజోమ్‌లు చాలా చిన్నవి. వేరు కొనను నలిపి, రంగు వేసి చూస్తే చుక్కల్లా కనిపిస్తాయి. ఎన్ని ఉన్నాయో లెక్కించవచ్చు గాని ఏది ఏదో చెప్పడం కష్టం. జపాన్‌లో కువాడా 1910లోనే వరి కణంలో 24 క్రోమోజోమ్‌లు ఉన్నాయని లెక్క తేల్చారు. శాస్త్రి బృందం పుప్పొడి తయారయ్యే కణాలను ఎంచుకుంది. అక్కడ కణవిభజనలో పాకిటీన్ అనే దశ ఒకటి ఉంటుంది. ఆ దశలో క్రోమోజోమ్‌లు జతజతలుగా, పొడుగ్గా సాగి ఉంటాయి. 12 జతలనూ విడివిడిగా పోల్చుకోగలిగిన ఆ పరిశీలన 1960లో అచ్చయింది.

సాగు వరికి 24, నివ్వరికి 24. ఈ సమానత్వం మనం తినే అన్నాన్ని ఒకసారి కాపాడింది. 1970ల్లో గ్రాసీ స్టంట్ అనే వైరస్ ఆసియా వరిని దెబ్బతీసినప్పుడు, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 6 వేలకు పైగా రకాలను పరీక్షించింది. తట్టుకునే గుణం ఉత్తరప్రదేశ్‌లో సేకరించిన ఒక నివ్వరి నమూనాలో దొరికింది. సాగు వరితో దాన్ని సంకరం చేయగా వచ్చిన రకాల్లో ఐఆర్-36 ఒకటి. ఆ సంకరం సులువుగా కుదరడానికి కారణం, రెండింటి క్రోమోజోమ్‌లూ ఒక్కొక్కటిగా జతకట్టగలగడం. హైదరాబాద్ శాస్త్రవేత్తలు బ్యాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునేలా సాంబ మసూరిని మెరుగుపరిచినప్పుడు వాడిన ఎక్స్‌ఎ21 జన్యువూ ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చిందే. దానికీ 24 క్రోమోజోమ్‌లే.

ఫిలిప్పీన్స్ ప్రాంతపు ఒరైజా మినుటాకు 48 ఉంటాయి. దానితో సాగు వరిని సంకరం చేస్తే పుట్టే మొక్కకు 36 వస్తాయి. జతలు కుదరవు, గింజ పట్టదు. అగ్గి తెగులును తట్టుకునే జన్యువును దాని నుంచి తెచ్చుకోవడానికి పిండాన్ని గాజు పాత్రలో పెంచి, తరం తర్వాత తరం సాగు వరితో తిరిగి సంకరం చేయాల్సి వచ్చింది. వేరుశనగదీ ఇదే కథ. సాగు వేరుశనగకు 40, ఆకుమచ్చను తట్టుకునే దాని అడవి బంధువుల్లో చాలావాటికి 20. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఆ 20కీ 40కీ మధ్య వంతెన కట్టడం మీద ఏళ్ళ తరబడి పనిచేశారు.

సంఖ్య కలిసినంత మాత్రాన సంకరం కుదురుతుందని కాదు. ఒరైజా అఫిసినాలిస్‌కూ 24 ఉన్నా, దాని క్రోమోజోమ్‌లు సాగు వరి క్రోమోజోమ్‌లతో సరిగా జతకట్టవు. అయినా మొక్కల ప్రజననంలో మొదట అడిగే ప్రశ్న సంఖ్యే.

ఇంతకీ ఈ సంఖ్యలు ఎక్కడివి? వంటింటి గింజలన్నీ దాదాపు ఒకే గడ్డి కుటుంబానివి. వాటి లెక్క మాత్రం పొంతన లేనట్టు ఉంటుంది. వరికి 24, జొన్నకు 20, మొక్కజొన్నకు 20, సజ్జకు 14, కొర్రకు 18, రాగికి 36, సామకు 36, అరికకు 40, గోధుమకు 42, ఊదకు 54. ఇవన్నీ ఒకే పూర్వీకుడి సంతానం అయినప్పుడు 24 ఎక్కడ 20 అయింది, 18 ఎక్కడ 36 అయింది?

క్రోమోజోమ్‌ల సంఖ్య మారడానికి ముఖ్యంగా నాలుగు దారులున్నాయి. మొదటిది రెట్టింపు. కణవిభజనలో పొరపాటు జరిగి మొత్తం జీనోమ్ రెండు ప్రతులవుతుంది. తరచుగా రెండు జాతుల సంకరంతో కలిసి జరుగుతుంది. ఇప్పటినుంచి అన్నీ పుప్పొడిలో ఉండే ఒంటి సెట్టు లెక్కలో, అంటే పై సంఖ్యల్లో సగంగా చెప్పుకుందాం. రాగి, సామ 18కి చేరడం 9 రెట్టింపు కావడం వల్లే. రెండోది ఒకటిన్నర రెట్లు కావడం. నాలుగు సెట్ల మొక్క, రెండు సెట్ల మొక్క కలిసి మూడు సెట్ల గొడ్డు మొక్క పుట్టి, దాని సెట్లు రెట్టింపయితే ఆరు సెట్లవుతాయి. గోధుమ 14 నుంచి 21కి, ఊద 18 నుంచి 27కి చేరింది ఇలాగే. మూడోది తగ్గడం. రెండు క్రోమోజోమ్‌లు కలిసి ఒకటవుతాయి, జన్యువులు పెద్దగా పోవు, మూటలు మాత్రం తగ్గుతాయి. నాలుగోది పెరగడం. ఒకటి తెగి రెండవుతుంది.

గతంలో జరిగిన ఈ మార్పుల్లో చాలావాటిని కళ్ళారా చూసినవారు లేరు.  చేతిలో ఉన్నది నేటి మొక్కల్లో లెక్కించిన సంఖ్య, డీఎన్‌ఏ పోలికతో గీసిన వంశవృక్షం, అంతే. వీటి నుంచి గతాన్ని వెనక్కి అంచనా వేయడానికి 2010లో ఇటాయ్ మేరోస్, మైఖేల్ బార్కర్, శారా ఓటో ఒక గణిత నమూనాను ప్రతిపాదించారు. టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో తర్వాత విస్తరించిన దాని సాఫ్ట్‌వేర్ పేరు క్రోమ్‌ఎవాల్. 2015లో వచ్చిన క్రోమోజోమ్ సంఖ్యల డేటాబేస్ దానికి ముడిసరుకు అందిస్తోంది. లెక్క వేసినవాళ్ళు, ఏళ్ళు, పత్రికలు అన్నీ అందులో ఒకచోట చేరాయి. 1945లో జానకి అమ్మాళ్, సి.డి. డార్లింగ్టన్ సాగు మొక్కల క్రోమోజోమ్ అట్లాసు వెలువరించినప్పుడు ఇదంతా ఒక పుస్తకంలో పట్టింది.

రేడియోధార్మిక పదార్థం సంగతి తెలిసినవారికి ఈ నమూనా కొత్తగా అనిపించదు. ఫలానా పరమాణువు ఎప్పుడు విచ్ఛిన్నమవుతుందో ఎవరూ చెప్పలేరు. ఒక సంవత్సరంలో విచ్ఛిన్నమయ్యే సంభావ్యత మాత్రం స్థిరం. ఇక్కడా అంతే. ఒక వంశంలో క్రోమోజోమ్ ఎప్పుడు కలిసిపోతుందో తెలియదు, పది లక్షల ఏళ్ళకు ఇంత అని ఒక రేటు ఉందనుకుంటారు. నాలుగు దారులకు నాలుగు రేట్లు. తర్వాతి అడుగు ఇప్పుడున్న సంఖ్య మీదే ఆధారపడుతుంది, అంతకుముందు చరిత్ర మీద కాదు. గణితంలో దీన్ని మార్కోవ్ ప్రక్రియ అంటారు.

ఒక ఊహాలెక్క వేద్దాం. రేట్లు కేవలం ఉదాహరణకే. క్రోమోజోమ్‌లు కలిసిపోయే రేటు పది లక్షల ఏళ్ళకు 0.02 అనుకుందాం. ఒక కొమ్మ పొడవు 5 కోట్ల ఏళ్ళు. అంటే ఆ కాలంలో సగటున ఒక కలయిక జరగాలి. మొదట 12 ఉన్న వంశం 10కి చేరాలంటే సరిగ్గా రెండు కలయికలు కావాలి. పాయిజాన్ సూత్రం ప్రకారం ఆ సంభావ్యత నూటికి 18. ఇప్పుడు ఇంకో దారి చూడండి. 12 మొదట రెట్టింపై 24 అయింది, తర్వాత 14 కలయికలతో 10కి దిగింది. సగటున ఒకటి జరిగే చోట 14 జరిగే సంభావ్యత లక్ష కోట్లలో నాలుగు. దాన్ని మళ్ళీ రెట్టింపు జరిగే సంభావ్యతతో హెచ్చించాలి. నమూనా ఏ దారిని ఎంచుకుంటుందో చెప్పనక్కరలేదు.

కంప్యూటర్ ఇదే పనిని వంశవృక్షంలోని ప్రతి కొమ్మకూ, ప్రతి సంఖ్యకూ చేస్తుంది. నేటి సంఖ్యలు రావడానికి అత్యధిక సంభావ్యత ఇచ్చే రేట్లేవో వెతుకుతుంది. తర్వాత ప్రతి చీలిక దగ్గర పూర్వీకుడికి ఫలానా సంఖ్య ఉండే అవకాశం ఇంత అని చెబుతుంది. ఒకే జవాబు ఇవ్వదు, పంపకం ఇస్తుంది.

వంశవృక్షం లేకుండా ఈ లెక్క ఎందుకు నడవదో చూడటానికి జొన్న, కొర్ర చాలు. జొన్నకు 10, కొర్రకు 9. పూర్వీకుడికి 12 అనుకుంటే జొన్నలో రెండు, కొర్రలో మూడు, మొత్తం ఐదు కలయికలు జరిగాయని ఎవరైనా లెక్కేస్తారు. అది తప్పు. 2009లో జొన్న జీనోమ్ వెలువడినప్పుడు చూస్తే, వరిలో 3, 10 నంబర్లుగా విడిగా ఉన్న క్రోమోజోమ్‌లు జొన్నలో కలిసి ఒకటిగా ఉన్నాయి. 7, 9 కూడా అలాగే. కలయిక జరిగిన తీరు కూడా విచిత్రం. ఒక క్రోమోజోమ్ మొత్తంగా ఇంకోదాని నడుము దగ్గర దూరింది. అదే రెండు కలయికలు, అవే జతలు, కొర్రలోనూ ఉన్నాయి. అంటే అవి రెండూ విడిపోకముందే ఉమ్మడి పూర్వీకుడిలో జరిగాయి. కొర్రకు సొంతమైనది మూడోది ఒక్కటే. ఐదు కాదు, మూడు. బ్రాకిపోడియం అనే చిన్న గడ్డిలో ఇలాంటివే ఏడు జరిగి 12 కాస్తా 5 అయింది.

ఇంతవరకు నమూనా చెప్పేదీ జీనోమ్ చెప్పేదీ దాదాపు ఒకటే. మొక్కజొన్న దగ్గర దారులు వేరవుతాయి.

జొన్నకు 10, మొక్కజొన్నకు 10. రెండూ దగ్గరి బంధువులు. సంఖ్యలు మాత్రమే చూసే నమూనా, ఈ రెండింటి మధ్య ఏమీ జరగలేదంటుంది. పైన వేసిన లెక్క ప్రకారం అలా అనడమే న్యాయం. కాని జీనోమ్ చూస్తే జొన్నలోని ప్రతి భాగానికీ మొక్కజొన్నలో రెండు ప్రతులు దొరుకుతాయి. జొన్న నుంచి విడిపోయాక, అంటే గత కోటీ 20 లక్షల సంవత్సరాల్లోనే, మొక్కజొన్న వంశం రెట్టింపయింది. 10 కాస్తా 20 అయి, పది కలయికలతో మళ్ళీ 10కి వచ్చింది. మన ఊహాలెక్క లక్ష కోట్లలో నాలుగు అని తోసిపుచ్చిన దారి లాంటిదే ప్రకృతి నడిచింది.

తప్పు గణితానిది కాదు, ఊహది. రేటు అన్ని కొమ్మల్లో, అన్ని కాలాల్లో ఒకటేనని అనుకున్నాం. జీనోమ్ రెట్టింపయిన వెంటనే పరిస్థితి మారిపోతుంది. ప్రతి జన్యువుకూ నకలు ఉంటుంది కాబట్టి క్రోమోజోమ్‌లు తెగి అతుక్కున్నా మొక్క బతుకుతుంది. పునర్వ్యవస్థీకరణ వేగం పెరుగుతుంది. రేడియోధార్మికత పోలిక ఇక్కడ చెల్లదు. యురేనియం పరమాణువుకు తన గతం గుర్తుండదు, మొక్క వంశానికి ఉంటుంది.

ఇలా మరుగునపడ్డ రెట్టింపు వరిలోనే ఉంది. 1936లో హెచ్.కె. నంది అనే శాస్త్రవేత్త, కణవిభజనలో వరి క్రోమోజోమ్‌ల గుంపులు కట్టే తీరు చూసి, 12 అనేది 5 నుంచి పెరిగిన సంఖ్య అయి ఉండాలని వాదించారు. సూక్ష్మదర్శిని తప్ప వేరే సాధనం లేని రోజులవి. 2005లో అంతర్జాతీయ బృందం వరి జీనోమ్ క్రమాన్ని పూర్తి చేసింది. 11వ క్రోమోజోమ్‌లో కొంత భాగం భారత శాస్త్రవేత్తలది. అప్పుడు చూస్తే వరి తనకు తానే నకలు. 1వ దానిలోని జన్యువుల వరుస 5లో, 8వ దానిది 9లో, 11వ దానిది 12లో కనిపిస్తాయి. 2వది 4తోను, 6తోను పోలుతుంది. 3వది 7తోను, 10తోను. 7 కోట్ల ఏళ్ళ కిందట, బహుశా ఇంకా ముందే, గడ్డి కుటుంబం మొత్తానికీ పూర్వీకుడైన మొక్కలో జరిగిన రెట్టింపుకు ఇవి గుర్తులు.

ఇక్కడో మెలిక ఉంది. పై పోలికలను రెండు రకాలుగా చదవవచ్చు. గుంపులు లెక్కిస్తే ఐదు: (1, 5), (2, 4, 6), (3, 7, 10), (8, 9), (11, 12). కాబట్టి పూర్వీకుడికి 5 ఉండి, రెట్టింపై 10 అయి, రెండు తెగి 12 అయ్యాయి. తొలి పరిశోధకులు ఇలాగే అన్నారు. నంది గారి 5 నిజమైనట్టే అనిపించింది. జతలు లెక్కిస్తే మాత్రం ఏడు: 1-5, 2-4, 2-6, 3-7, 3-10, 8-9, 11-12. అంటే పూర్వీకుడికి 7, రెట్టింపై 14, వాటిలో రెండేసి కలిసి నేటి 2, 3 క్రోమోజోమ్‌లు ఏర్పడి 12 మిగిలాయి. ఒకటి పైకెక్కిన దారి, ఇంకొకటి కిందకు దిగిన దారి. చేరింది ఒకే చోటుకి. సంఖ్య ఒక్కటే చూస్తే ఈ రెండింటినీ విడదీయడం అసాధ్యం. గడ్డి కుటుంబానికి బయటి బంధువులైన అనాస వంటి మొక్కల జీనోమ్‌లు చేతికొచ్చాక తూకం 7 వైపు మొగ్గింది.

అయితే సంఖ్యల నమూనా ఎందుకు, జీనోమ్‌లే చదువుకోవచ్చు కదా? చదవవచ్చు, ఉన్నంతవరకు. పుష్పించే మొక్కల జాతులు దాదాపు 3 లక్షలు. వాటిలో పూర్తి జీనోమ్ చదివినవి కొద్ది శాతమే. క్రోమోజోమ్‌ల లెక్క అంతకంటే చాలా ఎక్కువ జాతులకు ఉంది. పైగా అది చవక. వేరు కొన, కాస్త ఎసిటిక్ ఆమ్లం, రంగు, బట్టల మధ్య పెట్టే కలరా ఉండల్లో వాడే పారాడైక్లోరోబెంజీన్, ఒక సూక్ష్మదర్శిని ఉంటే జిల్లా కళాశాలలోనూ చేయవచ్చు. సంఖ్యల ఆధారంగానే 2009లో ఒక బృందం, పుష్పించే మొక్కల్లో కొత్త జాతులు పుట్టిన సందర్భాల్లో సుమారు 15 శాతం, ఫెర్న్‌లలో 31 శాతం సెట్ల పెరుగుదలతో కూడినవని అంచనా కట్టింది. జీనోమ్‌ల కోసం ఆగితే ఆ ప్రశ్న ఈ తరంలో తేలేది కాదు. మొక్కజొన్న చూపిన లోపాన్ని సరిచేసే ప్రయత్నం కూడా సాగుతోంది. టెల్ అవీవ్ బృందం 2023లో ప్రచురించిన నమూనాలో వంశవృక్షపు వేర్వేరు కొమ్మలకు వేర్వేరు రేట్లు ఉండవచ్చు. రేటు ఎక్కడ మారిందో కూడా లెక్కే వెతుకుతుంది.

ఆ వెసులుబాటు ఎక్కువగా అక్కరకొచ్చేది వరి దగ్గరే. ఒరైజా ప్రజాతిలో పాతిక వరకు జాతులున్నాయి, వాటి వయసు సుమారు కోటిన్నర సంవత్సరాలు. అన్నింటికీ ఒంటి సెట్టు లెక్కలో 12 లేదా 24. సముద్రపు ఉప్పునీటిలో పెరిగే ఒరైజా కోఆర్‌క్టాటాకు 24, మస్తూరీ గుంటలోని నివ్వరికి 12. 11 లేదు, 13 లేదు, 18 లేదు. పక్క కొమ్మల్లో 12 కాస్తా 10, 9, 7, 5 అవుతుంటే వరి ప్రజాతి రెట్టింపు తప్ప ఏ దారీ తొక్కలేదు. ఈ ప్రజాతి సంఖ్యలు మాత్రమే ఇస్తే నమూనా, కలయికల రేటు సున్నా అంటుంది. పాతిక జాతుల నుంచి వచ్చిన సున్నా కాబట్టి నిజంగా సున్నానా, లేక చాలా చిన్న రేటా అన్నది దాంతో తేలదు. కలయికలు జరగనివ్వనిది ఏమిటో, లేక జరిగినా నిలవనివ్వనిది ఏమిటో కూడా ఈ సంఖ్యలు చెప్పవు.

మస్తూరీ రైతుకు దీని ఫలితం మాత్రం ఏటా కనిపిస్తుంది. గుంటలోని నివ్వరి పుప్పొడి పొలంలోని వరి మీద పడితే, 12కు 12 జతకట్టి, గింజ పట్టే మొక్కే పుడుతుంది. దాని సంతానాన్ని ఛత్తీస్‌గఢ్‌లో కర్గా అంటారు. నారులో వరిలాగే ఉండి, కోతకు ముందే గింజ రాల్చేసే కలుపు అది. పచ్చటి నాట్లలో దాన్ని గుర్తుపట్టడం కష్టమని రాయ్‌పూర్ వ్యవసాయ శాస్త్రవేత్తలు శ్యామల అనే ఊదారంగు ఆకుల వరిని తెచ్చారు. ఆ పొలంలో పచ్చగా కనిపించిన మొక్కనల్లా కర్గా అనుకుని పీకేయవచ్చు.